కిలోమీటర్లు లెక్కపెట్టాకే... డీజిలా, పెట్రోలా

గల్ఫ్ నుంచి ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోయే మన డ్రైవర్ సోదరులను "పోయి ఏం చేస్తావన్నా?" అని అడిగి చూడండి. పొలం ఉన్నవాళ్లు కూడా ముందు చెప్పే మాట ఒకటే. "ఒక బండి కొనుక్కుంటా." టాటా ఏసో, దోస్తో, బొలెరో ట్రాలీయో, కాస్త డబ్బున్నవాడైతే డీసీఎమ్మో. స్టీరింగ్ తప్ప వేరే విద్య తెలియని మనిషికి అది సహజమైన ఆలోచనే. మేము దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఆ బండి ఏ ఇంజిన్‌దై ఉండాలన్న ప్రశ్నకు మాత్రం మనవాళ్లలో చాలామంది ఆలోచించకుండానే జవాబు చెప్పేస్తున్నారు.

మొన్నామధ్య రియాద్‌లో ట్రైలర్ నడిపే జగిత్యాల జిల్లా మిత్రుడొకరు మాతో మాట్లాడారు. పన్నెండేళ్లుగా అక్కడే ఉన్నారు. ఊళ్లో తమ్ముడి చేత బండి కొనిపించి, ఏడాదిలోగా తానూ వెళ్లిపోవాలని ప్లాను. షోరూంకు వెళ్లడం, కొటేషన్ తీసుకోవడం, ఫైనాన్స్ వాళ్లతో మాట్లాడడం అన్నీ తమ్ముడే చూసుకున్నాడు. వచ్చే శుక్రవారం అడ్వాన్సు పంపాలి. "డీజిల్ బండే కదా?" అని మాట వరసకు అడిగాం. "డీజిల్ కాకుంటే మరేంది సార్, పెట్రోలుతోని కిరాయిలు కొడ్తరా ఎవరన్నా?" అని నవ్వారు. బండి రోజుకు ఎంత తిరుగుతుందని అడిగితే మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు. తమ్ముడి దగ్గరా లేదు.

ఈ సంపాదకీయం ఆ జవాబు లేని ప్రశ్న గురించే. ఇంటి అవసరాలు పోగా మిగిల్చిన రియాళ్లతో కొనే బండి అది. మొదటి రెండేళ్లలో కంతులు తప్పితే ఫైనాన్స్ వాళ్లు బండిని ఎత్తుకుపోతారు. మనిషి మళ్లీ ఏజెంటు గడప తొక్కుతాడు. అలా రెండోసారి, మూడోసారి విమానం ఎక్కినవాళ్లు మన క్యాంపుల్లో ప్రతి గదిలోనూ ఉన్నారు. వాళ్లందరినీ డీజిలే ముంచిందని మేము అనడం లేదు. కానీ నెలకు రెండు వేలు అటో ఇటో అయితే చాలు, చిన్న బండి బతుకు తలకిందులవుతుంది. ఇంజిన్ ఎంపికలో ఉన్న తేడా సరిగ్గా ఆ రెండు వేల దగ్గరే ఉంది.

డీజిల్ అంటే చవక అన్న నమ్మకం మనకు రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి ఇంటి దగ్గర. మన దేశంలో పెట్రోలు ధర మీద ప్రభుత్వం అదుపు 2010 జూన్‌లోనే వదిలేసింది. డీజిల్ మీద 2014 అక్టోబరు దాకా పట్టుకునే ఉంది. ఆ నాలుగేళ్లలో రెండింటి మధ్య ఎడం బాగా పెరిగింది. 2012 మే నెలలో ఢిల్లీలో లీటరుకు ముప్పై రూపాయల పైమాటే తేడా ఉండేది. ఆ రోజుల్లో డీజిల్ బండి కొన్నవాడే తెలివైనవాడు, అందులో సందేహం లేదు. 2005లో వచ్చిన టాటా ఏస్ ఊరూరా పాకిపోవడానికి ఆ చిన్న డీజిల్ ఇంజినే ఒక కారణం. అయితే 2014 తర్వాత ఆ ఎడం కరిగిపోతూ వచ్చింది. 2020 జూన్ 24న ఢిల్లీలో మొదటిసారి డీజిల్ ధర పెట్రోలును దాటింది. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాద్‌లో పెట్రోలు సుమారు రూ.107, డీజిల్ సుమారు రూ.96. అంటే తేడా పదకొండు రూపాయలు. ముప్పై ఎక్కడ, పదకొండు ఎక్కడ! ధర మారింది గానీ మన బుర్రలో లెక్క 2012 దగ్గరే ఆగిపోయింది.

రెండోది సౌదీలో పట్టుకున్న నమ్మకం. 2015 చివరి దాకా అక్కడ లారీలకు పోసే డీజిల్ లీటరు పావు రియాలు. నీళ్ల బాటిల్ కన్నా చవక. అప్పుడు స్టీరింగ్ పట్టినవాడికి డీజిల్ అంటే ఊరికే వచ్చే సరుకు. ఇక కంపెనీ కార్డు గీకి ట్యాంకు నింపుకునే డ్రైవర్‌కు ధర ఎప్పుడు పెరిగిందో కూడా తెలియదు. కానీ పెరిగింది. 2022 జనవరిలో 63 హలాలాలు, 2023లో 75, 2024లో రియాలు 15 హలాలాలు, 2025 జనవరిలో రియాలు 66 హలాలాలు. పదేళ్లలో ఆరున్నర రెట్లు. అదే 91 పెట్రోలును 2021 జూలై నుంచి 2.18 రియాళ్ల దగ్గర కట్టేశారు. యూఏఈలో అయితే 2015 ఆగస్టు నుంచి నెలనెలా ధర మారుతుంది. అక్కడి మిత్రులకు 2022 గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది నవంబరులో స్పెషల్ 95 పెట్రోలు 3 దిర్హాముల 20 ఫిల్స్ ఉంటే, డీజిల్ 4 దిర్హాముల ఒక ఫిల్స్. డీజిల్ ఎప్పుడూ చవకే అనే మాట గల్ఫ్‌లోనే నిలబడలేదు.

మరి పెద్ద లారీలన్నీ డీజిల్‌తోనే ఎందుకు నడుస్తాయి? అది మొండి అలవాటేమీ కాదు, ఇంజిన్ తీరే అంత. పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ మంట పెడుతుంది. డీజిల్ ఇంజిన్‌లో గాలిని బాగా నొక్కి, ఆ వేడికే ఇంధనం అంటుకునేలా చేస్తారు. పెట్రోలు ఇంజిన్ గాలిని పది పన్నెండు వంతులకు నొక్కితే, డీజిల్ పదహారు పద్దెనిమిది వంతులకు నొక్కుతుంది. అందుకే చుక్కచుక్క నుంచి ఎక్కువ పని పిండుకుంటుంది. పైగా లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కన్నా పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. లాగుడు సంగతి మీకు మేము చెప్పనక్కర్లేదు. గల్ఫ్‌లో మీరు నడిపే హైలక్స్‌నే తీసుకోండి. 2.7 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌ది 245 న్యూటన్ మీటర్ల టార్క్. దానికన్నా చిన్నదైన 2.4 లీటర్ల డీజిల్‌ది 400. లోడు వేసి ఎత్తు ఎక్కించినవాడికి ఆ తేడా కాలి కిందే తెలుస్తుంది. అయినా గల్ఫ్ రోడ్ల మీద పెట్రోలు హైలక్స్‌లు కోకొల్లలు. తేలిక సామాను, ఊళ్లో తిరుగుడు ఉన్నచోట యజమానులు పెట్రోలే కొంటారు. అరబ్బు యజమాని వేసుకునే ఆ లెక్కను మనం మన ఊళ్లో ఎందుకు వేసుకోం?

ఇప్పుడు ఆ లెక్కే వేద్దాం. ఓపిక పట్టి చదవండి. అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి గానీ లెక్క వేసే పద్ధతి మార్చకండి.

2025 జూన్‌లో టాటా ఏస్ ప్రో పెట్రోలు బండిని 3.99 లక్షల షోరూం ధరకు విడుదల చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఏస్ గోల్డ్ ప్లస్ డీజిల్‌ను 5.52 లక్షలకు తెచ్చారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గాక ధరలు కొంత సర్దుకున్నాయి కాబట్టి తాజా కొటేషన్ మీరే అడగాలి. మోసే బరువులోనూ రెండింటికీ తేడా ఉంది. పెట్రోలు బండిది 750 కిలోలు, డీజిల్‌ది 900. మన లెక్క కోసం రెండింటి మధ్య లక్షన్నర తేడా అనుకుందాం. ఆ లక్షన్నరను నూటికి పన్నెండు వడ్డీకి, నాలుగేళ్ల కంతుల మీద తీసుకుంటే నెలకు సుమారు రూ.3,950 పడుతుంది. డీజిల్ బండి కొన్నందుకు నెలనెలా అదనంగా కట్టాల్సిన సొమ్ము అది. మొత్తం కట్టేసరికి లక్షా తొంభై వేలు.

ఇక నడిపే ఖర్చు. లోడు మీద పెట్రోలు బండి లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ బండి 20 ఇస్తాయనుకుందాం. కంపెనీ చెప్పే మైలేజీ కాదిది, ఊరి రోడ్డు మీద వస్తుందని మేము వేసుకున్న అంచనా. పెట్రోలుకు కిలోమీటరుకు రూ.7.13, డీజిల్‌కు రూ.4.80. తేడా రూ.2.33. డీజిల్ ఇంజిన్‌కు ఆయిల్, ఫిల్టర్లు, ఇంజెక్టర్ల పని ఖరీదు. దానికి కిలోమీటరుకు 40 పైసలు తీసేద్దాం. మిగిలింది రూ.1.93. డీజిల్ బండి కిలోమీటరు తిరిగినప్పుడల్లా మీ జేబులో మిగిల్చేది అంతే.

రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు నడిచే బండి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతుంది. మిగిలేది రూ.1,930. అదనంగా కట్టేది రూ.3,950. అంటే "చవక" డీజిల్ వల్ల నెలకు రెండు వేల రూపాయల నష్టం. అదే బండి రోజుకు 120 కిలోమీటర్లు తిరిగితే నెలకు మిగిలేది సుమారు రూ.5,790. కంతు పోగా పద్దెనిమిది వందలకు పైగా చేతిలో ఉంటుంది. నష్టం లాభంగా మారే చోటు నెలకు సుమారు రెండు వేల కిలోమీటర్ల దగ్గర ఉంది. రోజుకు ఎనభై అన్నమాట.

అందుకే మా మాట ఇది. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగుతుందన్న నమ్మకం లేని చిన్న బండికి డీజిల్ తీసుకోవద్దు.

దీనికి వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. "నాలుగేళ్ల తర్వాత కంతులు అయిపోతాయి కదా, అప్పటి నుంచి అంతా మిగులేగా" అంటారు. నిజమే. డీజిల్ ఇంజిన్ ఎక్కువ కాలం నిలుస్తుందన్నదీ నిజమే. కానీ బండి కొన్న నాలుగేళ్లలోనే నిలదొక్కుకోవాలి. అయిదో ఏట వచ్చే లాభం రెండో ఏట కంతు కట్టదు. "అప్పు ఎందుకు, రొక్కం పెట్టి కొంటాను" అంటారు ఇంకొందరు. చేతిలో డబ్బుంటే మంచిదే, అయితే ఆ లక్షన్నర బ్యాంకులో ఉంటే వడ్డీ వచ్చేది, పిల్ల ఫీజుకో నాన్న ఆపరేషన్‌కో అక్కరకొచ్చేది. మన సొమ్మైనంత మాత్రాన అది ఉచితం కాదు. పెట్రోలు పక్షాన దాచకూడని మాట కూడా ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత పడుతుంది. అందుకే పైలెక్కలో పెట్రోలుకు పదిహేనుకు మించి వేయలేదు. మీ బండికి పద్నాలుగే వస్తే, అదే వేసి చూసుకోండి.

డబ్బు లెక్క ఒకెత్తు. గల్ఫ్ డ్రైవర్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన సంగతి మరొకటి ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్-6 ప్రమాణాలవి. మీరు దేశం విడిచి వచ్చేనాటి డీజిల్ బండి వేరు, ఇప్పుడు షోరూంలో నిలబడ్డ డీజిల్ బండి వేరు. పొగలోని మసిని, విషవాయువులను పట్టే సరంజామా సైలెన్సర్‌కు ముందు అమర్చి ఉంటుంది. అన్ని బండ్లకూ ఒకే ఏర్పాటు లేదు. కొన్నింటికి డెఫ్ అని యూరియా కలిపిన ద్రవం విడిగా పోస్తూ ఉండాలి, కొన్ని చిన్న బండ్లకు ఆ అవసరం లేదు. డీపీఎఫ్ అనే మసి ఫిల్టరు ఉన్న బండి మాత్రం ఆ మసిని తనంతట తానే కాల్చుకోవాలి. అందుకు పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి ఆగకుండా కొంత దూరం ఊపు మీద నడవాలి. రియాద్ నుంచి దమ్మామ్‌కు నాలుగు వందల కిలోమీటర్లు ఒకే వేగంతో పోయే బండికి ఇదో సమస్యే కాదు. మన ఊళ్లో బండి నడిచే తీరు అదా? పొద్దున పాల క్యాన్లతో ఆరు కిలోమీటర్లు, తర్వాత సిమెంటు బస్తాలతో మూడు కిలోమీటర్లు, మధ్యాహ్నం అడ్డా మీద మూడు గంటలు, సాయంత్రం పెళ్లివారి కుర్చీలు. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేయడం. మసి పేరుకుంటుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. "లైటే కదా" అని వదిలేస్తే కొన్నాళ్లకు ఇంజిన్ లాగుడు తగ్గిపోతుంది, బండి షెడ్డుకు చేరుతుంది. ఊరి మెకానిక్ స్పానర్‌తో అయ్యే పని కాదు, కంప్యూటర్ పెట్టి చూడాలి. ఆ రెండు మూడు రోజులూ కిరాయి లేదు.

అలాగని డీజిల్‌ను తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా చెన్నైకి తోలేవాడికి, రోజూ హైదరాబాద్‌కు కూరగాయలు వేసుకెళ్లేవాడికి, టన్నున్నర లోడుతో బొలెరో ట్రాలీ నడిపేవాడికి పెట్రోలు కొనమని చెప్పడం అన్యాయం. ఆ పనికి డీజిలే సరి, డీసీఎం స్థాయిలో అయితే అసలు ప్రశ్నే లేదు. మేము మాట్లాడుతున్నది ముప్పాతిక టన్నులోపు సరుకుతో మండలం చుట్టూ తిరిగే చిన్న బండి గురించి. గల్ఫ్ నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా కొనేది అదే మరి. ఒక పెద్ద కంపెనీ ఈ లెక్క ముందే వేసుకుంది. 2016లో డీజిల్ ఇంజిన్‌తో వచ్చిన మారుతి సూపర్ క్యారీ, బీఎస్-6 వచ్చాక డీజిల్‌ను వదిలేసి పెట్రోలు, సీఎన్‌జీలతోనే నడుస్తోంది. చిన్న ఇంజిన్‌కు ఆ శుద్ధి సరంజామా అంతా తగిలిస్తే ధర గిట్టదని తయారుచేసేవాడికే అర్థమైంది.

సీఎన్‌జీ మాటెత్తాం కాబట్టి ఒక ముక్క. మీ ఊరి దారిలో, పోయి రావడానికి అయిదారు కిలోమీటర్ల లోపు గ్యాస్ బంకు ఉంటే దాన్నీ చూడండి. లేకపోతే వద్దు. గ్యాస్ కోసం ఖాళీ బండితో ఇరవై కిలోమీటర్లు పోయేవాడికి మిగిలేదేమీ ఉండదు. సిలిండర్ తినేసే చోటూ, బరువూ సరుకులోంచే పోతాయి.

అసలు తప్పు కొనేవాడిదేనని అనలేం. షోరూం వాడికి అమ్మకం కావాలి. ఫైనాన్స్ వాడికి అప్పు ఎంత పెద్దదైతే అంత మేలు. అడ్డా మీది డ్రైవర్లు తాము కొన్నదాన్నే మంచిదంటారు, మరేమంటారు? డబ్బు పంపేవాడు వేల కిలోమీటర్ల దూరంలో రాత్రి పదకొండింటికి క్యాంపులో ఫోన్ పట్టుకుని ఉంటాడు. ఇంటి దగ్గర బావమరిదో తమ్ముడో "అంతా మాట్లాడేశాం, పైసలు పంపు" అంటాడు. తిరిగొచ్చే వలస కార్మికుల పునరావాసం గురించి ఎన్నికలప్పుడు నాయకులు బోలెడు చెబుతారు. బండికి సబ్సిడీ ఇస్తామంటారు, రుణం ఇప్పిస్తామంటారు. రుణం ఇచ్చే ముందు ఈ బండి నీ దారికి గిడుతుందా అని అరగంట కూర్చుని లెక్క చెప్పే మనిషిని ప్రతి జిల్లా కేంద్రంలో ఒకరిని పెడితే సబ్సిడీ కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. దానికి కోట్లు అక్కర్లేదు. రవాణా శాఖలో రిటైరైన ఒక ఇన్‌స్పెక్టరు, ఒక బ్యాంకు మేనేజరు చాలు.

లైసెన్సు సంగతి కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. సౌదీ లైసెన్సు మన రోడ్డు మీద చెల్లదు. మన ఎల్‌ఎంవీ లైసెన్సు గడువు తీరకుండా చూసుకోండి. అది ఉంటే ఏడున్నర టన్నుల లోపు సరుకు బండి నడపడానికి విడిగా ట్రాన్స్‌పోర్టు ముద్ర అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు ఆ వంకతో తప్పించుకునే దారి దీంతో మూసుకుపోయింది.

జగిత్యాల మిత్రుడి కథ మిగిలిపోయింది. శుక్రవారం అడ్వాన్సు ఆపి, తమ్ముడిని ఒక పని చేయమన్నారాయన. అడ్డా మీద తెలిసినవాడి బండితో పాటు ఎనిమిది రోజులు తిరిగి, పొద్దునా సాయంత్రం మీటరు రీడింగ్ రాసి పంపమన్నారు. తమ్ముడు గొణుక్కుంటూనే రాశాడు. ఒక రోజు 38, ఒక రోజు 46, కరీంనగర్ దాకా పెళ్లి సామాను వేసుకెళ్లిన రోజు 118, ఒక రోజైతే 19. మొత్తం ఎనిమిది రోజులకు 436 కిలోమీటర్లు. ఇరవై అయిదు రోజుల నెలకు పద్నాలుగు వందల లోపే. మా లెక్క ప్రకారం డీజిల్ కొంటే నెలకు పదమూడు వందలు ఎదురు పెట్టుకోవాలి. "వరి కోతలప్పుడు చూడన్నా, తిరుగుడు రెండింతలైతది" అన్నాడట తమ్ముడు. అదీ నిజమే కావచ్చు. కోతల నెలలో కూడా రాసి పంపమని మిత్రుడు చెప్పారు. అడ్వాన్సు ఇంకా రియాద్‌లోనే ఉంది.